దానయ్య ఆటకి పిలుస్తున్నాడు

నూకరత్నం అని ఒక పిల్ల ఉండేదంట, సముద్రం ఒడ్డున ఒక జాలరి పల్లెలో. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే తాత పెంచాడు. ఆ తాత పేరు ఎర్రన్న. ఒకప్పుడు తెప్పేసుకుని సముద్రమంతా తిరిగినోడే అనుకో, ఒకనాడు కెరటం ఎత్తి పడేస్తే నడుం విరిగి అరుగెక్కాడు, మళ్ళీ దిగలేదు. ఆ అరుగు మీద ఆయనకి ఒకటే కాలక్షేపం, పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలన్నీ కలిసి పులుల్ని కదలకుండా చుట్టేస్తే మేకలోడు గెలిచినట్టు, పులి మేకల్ని దూకి తినేస్తే పులోడు గెలిచినట్టు, అంతే ఆట. ఊళ్ళో మగాళ్ళందరూ ఆ అరుగు మీదే ఆడేవాళ్ళు. అయితే ఏమైందంటే, మన నీళ్ళల్లో చేప తగ్గిపోయింది. మగాళ్ళందరూ గుజరాతు దేశం పోయి, అక్కడ వీరావల్ అని రేవుందంట, ఆ రేవులో పెద్ద బోట్ల మీద కూలికి కుదురుకున్నారు. ఏడాదికి ఎనిమిది నెలలు అక్కడే. ఇంక తాతతో ఆడేవాడెవడు? కుడిచేత్తో పులుల్ని, ఎడంచేత్తో మేకల్ని తనే జరుపుకునేవాడంట. నూకరత్నం చూసి, ఎవరు గెలిచారు తాతా అంటే, "ఇద్దరమూ ఓడిపోయాం గుంటా" అనేవాడంట.

ఆ మాట ఆ పిల్లకి గుచ్చుకుంది. చదువుకున్న పిల్ల, కంప్యూటర్ నేర్చిన పిల్ల. కూర్చుని, ఏడాది పాటు కూర్చుని, ఆ పులిజూదాన్ని ఫోనులోకి ఎక్కించింది. ఎలా ఎక్కించిందో నన్నడక్కండి, నాకు ఈ వయసులో అక్షరాలొచ్చినా ఆ విద్య రాదు. అదెలా ఆడేవాళ్ళంటే, బోటు మీద ఇరవై రోజులు ఫోనుకి సిగ్నలుండదు గదా. వల ఎత్తాక ఖాళీ దొరికినప్పుడు ఒకడు ఫోను తీసి, ఆలోచించి, మేకని జరిపేవాడు. ఆ ఎత్తు ఫోనులోనే దాక్కుని ఉండేది. బోటు రేవు దగ్గరికొస్తుంటే, ఒడ్డు సిగ్నలు తగిలీ తగలగానే, వాడి చేతులు తాళ్ళల్లో ఉన్నా ఫోను సంచిలో ఉన్నా సరే, ఎత్తు దానంతట అదే ఎగిరొచ్చి తాత ఇంటి మీద వాలేది. తాతకి ఫోనులో బొమ్మలు కనబడవని, ఆడేవాళ్ళు పదకొండు మందికీ మనిషికొకటి చొప్పున నూకరత్నం అరుగు మీద సున్నంతో ఆట గళ్ళు గీసింది. గవ్వలు పులులు, చింతగింజలు మేకలు. ఎవరి ఎత్తొస్తే వాడి గడిలో గింజ జరిపేవాడు తాత, జరిపి, గెడ్డం గోక్కుని, పులిని కదిపేవాడు. దాన్ని నూకరత్నం ఫోనులో నొక్కితే మళ్ళీ అది అంత దూరం పోయేది. చూశారా ఎంత వింతో.

ఇంకా వింతేమిటంటే, ఆ సంగతి ఆడోళ్ళు కనిపెట్టేశారు. బోటు రేవుకొచ్చాక సరుకు దించి, చేపకి మంచుగడ్డలు కొట్టి, ఓనరు వదిలాక గానీ మగాడు ఇంటికి ఫోను చెయ్యలేడు, పూట పడుతుంది. ఎత్తు మాత్రం ముందే వచ్చేస్తుంది. అందుకని పొద్దున్నే నీళ్ళకెళ్తా ఒకసారి, చేపలు ఎండేసొస్తా ఒకసారి అరుగు దగ్గర ఆగి గళ్ళు చూసేవాళ్ళంట. తన మగాడి గడిలో గింజ జరిగుంటే, వచ్చేశాడు, ఒడ్డునున్నాడు. అంతే, ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి మీద కూరెక్కేది. జరక్కపోతే గంజీ ఉప్పూ. దానయ్య పెళ్ళాం కొర్లమ్మయితే గడి ముందు కూర్చుని, "మావా, మా ఆయన మేకని కొంచెం చూసి తిను, ఊరికే బెంగెట్టుకునే మనిషి" అనేదంట. "వాడి మేకలు తినడానికి నాకు పళ్ళేవీ లేవులేవే" అనేవాడంట తాత.

బాగుంది కదా. బాగున్నది ఉండనిస్తే కథెందుకు. ఒక కార్తీకంలో తుఫానొచ్చింది. స్తంభాలన్నీ పడిపోయి తొమ్మిది రోజులు కరెంటు లేదు. ఆ ఆటంతా నడిపేది నూకరత్నం మంచం కింద పెట్టుకున్న ఒక కంప్యూటరు పెట్టె. అది ఆగిపోయింది, గళ్ళు ఆగిపోయాయి. తొమ్మిది రోజులూ ఆడోళ్ళు అరుగు చుట్టూ కూర్చుని జరగని గింజల్నే చూస్తుంటే, నూకరత్నానికి ప్రాణం పోయినంత పనైందనుకో. నా పెట్టె ఆగితే వీళ్ళ గుండెలాగిపోతాయి గదా అనుకుంది. సరిగ్గా అప్పుడే పట్నంలో ఆటల కంపెనీ ఒకటి కబురు పెట్టింది, మీ ఆట మాకివ్వండి, మా దగ్గర ఎప్పుడూ ఆగదు, భూకంపమొచ్చినా ఆగదు అని. ఆగదు అన్న ఆ ఒక్క మాటకి ఇచ్చేసింది. తాత కూడా సరేనన్నాడు.

ఆగలేదు, నిజమే. కానీ ఏం చేశారో వినండి. ముందు ఫోనులన్నిటికీ ప్రకటన పంపారంట, "అంతులేని ఆట, ఒక్కసారి మొదలుపెడితే వదల్లేరు" అని. నూకరత్నం చదివి వినిపిస్తే తాత, "వదల్లేనిది రోగం గదే, ఆటెలా అవుద్ది? అయిపోతేనే గదా ఇంకోటి ఆడదాం రారా అంటాం" అన్నాడంట. తరవాత, ఆడాలంటే ఎప్పుడూ నెట్టుండాలన్నారు. బోటు మీద నెట్టెక్కడిది? దాక్కునే ఎత్తులు పోయాయి. తరవాత, రోజూ వచ్చి ఒకసారి మొహం చూపించాలి, ఒక్కరోజు రాకపోతే ఒక మేక చచ్చిపోతుందన్నారు. ఇరవై రోజులు నీళ్ళ మీద తిరిగి రేవులో దిగి, ఆశగా ఫోను తీస్తే మంద మంద చచ్చి పడుందంట ఒక్కొక్కడికీ. చచ్చిన మేక లేవాలంటే ప్రకటనలు చూడాలి, సబ్బుదొకటి, సిమెంటుదొకటి, లేదంటే ఇంకో మనిషిని ఆటలోకి చేర్చాలి. మూసిన బుట్టలొకటి పెట్టారు, అందులో ఏముందో కొన్నాక గానీ చెప్పరు. రంగు మేకలంట. "మేకకి రంగెందుకు, పులికి ఆకలెయ్యడానికా" అని తాత.

మగాళ్ళకి విసుగొచ్చేసింది. పగలంతా ఓనరు మాట వినేవాళ్ళు, ఆటలో కూడా రా, చూడు, కొను అంటే ఎవడుంటాడు? ఒకడు ఆటలోంచి పేరు తీయించుకున్నాడు. ఇంకొకడు తీయించుకున్నాడు. పేరు పోయినప్పుడల్లా తాత తడిగుడ్డ తెప్పించుకుని ఒక గడి తుడిచేసేవాడు. ఆడోళ్ళు వచ్చి, తుడిచిన చోట తడి చూసి వెళ్ళిపోయేవాళ్ళు. నూకరత్నం కంపెనీకి రాసింది, ఫోను చేసింది, మీ సూచనకి ధన్యవాదాలు అన్నారంట ప్రతిసారీ. సంక్రాంతి దాటేసరికి పదకొండు గళ్ళల్లో ఒకటి మిగిలింది. దానయ్యది. వాడికీ ఇష్టం లేదు, కానీ "నేనూ మానేస్తే తాత ఒక్కడైపోతాడు" అన్నాడంట. చచ్చిన మేకని లేపడానికి వాడు పెళ్ళాం నంబరిచ్చి ఆవిడ్ని కూడా ఆటలో చేర్చాడు.

ఆ మాఘమాసంలో దానయ్య ఎక్కిన బోటు తిరిగి రాలేదు. మిగతా బోట్లొచ్చాయి. గాలి బలంగా కొట్టింది, మేం వాళ్ళని చూళ్ళేదు అన్నారు. బోటెక్కి ఇరవై రోజులు దాటింది, ముప్ఫై దాటింది. కొర్లమ్మ పొద్దున్నా సాయంత్రమూ వచ్చి గడి చూసి పోయేది. ముప్ఫై నాలుగో రోజు పొద్దున్న ఇసకలో ఎండుచేపలు తిరగేస్తుంటే బొడ్లో ఫోను మోగింది. చూస్తే ఆటలోంచి. ఆవిడ కూడబలుక్కుని చదివింది. "దానయ్య మిమ్మల్ని తలుచుకుంటున్నాడు. ఆటకి పిలుస్తున్నాడు. ఆలస్యం చెయ్యకండి."

చేపలక్కడే వదిలేసి వచ్చింది. దారి పొడుగునా చెప్పుకుంటా వచ్చింది, వచ్చేశాడంట, ఒడ్డునున్నాడంట, పిలుస్తున్నాడంట అని. ఆ బోటు మీద ఆ ఊరోళ్ళే ఇంకో ముగ్గురున్నారు, వాళ్ళ ఆడోళ్ళు పరిగెత్తి పొయ్యిలు రాజేశారు, కూరలెక్కించారు. ఇక్కడ నూకరత్నం ఫోనులో కూడా దానయ్య ఎత్తొచ్చింది. ఆ పిల్ల తాతకి చెప్పింది, ఫలానా మేక, ఫలానా చోటికి అని. తాత గింజ జరిపాడు. జరిపి, చెయ్యి తియ్యలేదు.

"ఇది వాడి ఎత్తు కాదు" అన్నాడు.

"ఏటి మావా, నీ కళ్ళకి సరిగ్గా ఆనలేదేమో" అంది కొర్లమ్మ.

"కళ్ళతో కాదే. పదేళ్ళ నుంచి ఆడతన్నాను వాడితో. పులి ఎదురుగా ఉంటే వాడు మేకని ముందుకి తొయ్యడు, పక్కకి తీస్తాడు. పిరికోడు. వాడి భయం నాకు తెలుసు."

"ముప్ఫై నాలుగు రోజులు నీళ్ళ మీదున్నోడు మావా. ధైర్యం వచ్చుంటది."

తాత గింజ మీంచి చెయ్యి తీసి నూకరత్నం వైపు చూశాడు. నూకరత్నం లోపలికెళ్ళి కంపెనీకి ఫోను చేసింది. ఎత్తిన పిల్ల గొంతు తేనె లాగుందంట. అదాండీ, అది మేం కొత్తగా తెచ్చిన సౌకర్యం అంది, దాని పేరు ‘ఎప్పుడూ తోడు’ అంది. నెల దాటి రానివాళ్ళ పేరు మీద మా యంత్రమే ఆడుతుంది, వాళ్ళ స్నేహితుల్ని అదే పిలుస్తుంది, ఎవరూ ఒంటరిగా ఉండకూడదని. మీ తాతగారికి నచ్చిందా అండీ అని అడిగింది. నూకరత్నం ఫోను పెట్టేసి గుమ్మంలో నిలబడిపోయింది. ఆ ఆట తను చేసిందే గదా. తన చేత్తో ఇచ్చిందే గదా. బయట కొర్లమ్మ అడుగుతోంది, ఏ రేవులో దిగారంట రత్నం, అందరూ బాగున్నారంటా, మనిషి చిక్కాడంటా అని.

"వదినా, ఆ మేకని జరిపింది అన్నయ్య కాదు."

"మరెవరు?"

"ఎవరూ కాదు వదినా."

కొర్లమ్మ ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదంట. లేచి, ఆ మూడిళ్ళకీ తనే నడిచెళ్ళి, పొయ్యిలు ఆర్పుకోండమ్మా, నేను పొరబడ్డాను అని చెప్పొచ్చిందంట. ఎనిమిది రోజులకి బోటు పలకలు దొరికాయి. మనుషులు దొరకలేదు.

పెద్దకర్మ అయ్యాక నూకరత్నం మళ్ళీ కంపెనీకి ఫోను చేసింది, మనిషి లేడు, పేరు తీసెయ్యండని. మా నియమం ప్రకారం ఎవరి పేరు వాళ్ళే వచ్చి తీయించుకోవాలండీ, ఆయన ఫోనుకి అంకెలు వస్తాయి, అవి ఆయనే చెప్పాలి అన్నారంట. ఫోను సముద్రంలో, మనిషి సముద్రంలో. రోజూ పొద్దున్నే కొర్లమ్మ బొడ్లో అది మోగుతూనే ఉంది, దానయ్య మిమ్మల్ని తలుచుకుంటున్నాడు అని. నూకరత్నం చూడలేక, "ఇలా ఇయ్యి వదినా, నీ ఫోనులోంచి ఆట తీసేస్తాను, ఇంక మోగదు" అంది.

"తీసేస్తే ఆయన పేరుతో పిలవడం ఆగిపోద్దా?"

"నీకు రాదు. అది ఊరుకోదు, ఇంకెవరినో పిలుస్తుంది."

కొర్లమ్మ ఫోను బొడ్లో దోపుకుందంట. "అయితే ఉండనీ. ఎవరెవరినో పిలిచే కన్నా నన్నే పిలవనీ" అందంట.

అదమ్మా సంగతి. ఇప్పుడా ఊళ్ళో ఆడోళ్ళు ఫోను మోగితే నమ్మరంట. గొంతు విని, పేరు పెట్టి పిలిపించుకుని, ఏదన్నా తిట్టు తిట్టించుకుని, అప్పుడు గానీ పొయ్యి దగ్గరికి పోరంట. నాకు తెలిసింది ఇంతే. లేవండిక, మిమ్మల్ని ఎవరో పిలుస్తున్నారు. పిలిచింది మనిషో కాదో చూసుకుని పలకండి.