నడిమి గోడకి సున్నం

నాగావళి ఒడ్డున ఒకే ఇంటికి రెండు వాటాలు, మధ్యన ఒకటే గోడ. ఇటు చిన్నకోడలు శైలజ, అటు పెద్దకోడలు కుసుమకుమారి.

"అక్కా, నా గదిలో నడిమి గోడకి సున్నం ఎవులేసేరు?"

"నానే. నువ్వు సంతకెళ్లేవు కదా, కాస్త సున్నం మిగిలింది, ఏసీసేను."

"ఏసీసేవా? దాని మీద వరద మరక ఉన్నాది కదక్కా."

"బురద మరక. పంచాయతీ సెక్రటరీ గారొస్తంటే ఇల్లు సుబ్బరంగా ఉండొద్దేటి?"

"ఆ మరక సూడ్డానికే కదా ఆయనొస్తంది. నీళ్లెక్కిన ఇళ్లోళ్లకే మెట్ట మీద ఇల్లిస్తామన్నారు కదా. తెలీదేటి నీకు?"

"నాకేటి తెలుస్తాది. నా పక్క కూడా అలాగే ఏసుకున్నాను కదా, ఆ సర్వేవోళ్లొచ్చినప్పుడు."

"అప్పుడే వద్దని సెప్పేను."

"సెప్పేవులే. అమ్మోరి పండక్కి ఏస్తాం, పెళ్లికి ఏస్తాం, ఆఫీసరొస్తే ఎయ్యమా? గోడ తెల్లగా ఉందని నా ఇంట్లోకి నీళ్లే రానేదని రాసుకుపోయేరు. నీది మురికిగా ఉందని నీకు ఇల్లు. ఇదేటి నాయం?"

"నాయం కాదనే కదా నాను..."

"నువ్వేటి? నీళ్లొకటే, గోడొకటే. నా మంచం తేలనేదా? రేపు నువ్వు మెట్టెక్కి కూకుంటావు. మళ్లీ ఏరు పొంగితే ఈ నీళ్లలో నానొక్కదాన్నే."

"అలాగని నా గోడకి..."

"కుళ్లే. కుళ్లనుకో. కాపరానికొచ్చిన కాణ్ణించీ అన్నీ నీకే. అత్త మెచ్చుకున్నాదీ నిన్నే, ఇప్పుడు పంచాయతీ మెచ్చుకున్నాదీ నిన్నే. సూళ్లేకపోతన్నాను, సైలజా."

"ఒక్క పూతే ఏసేవా?"

"రెండు."

"గీకితే కనిపిస్తాదేమో."

"కనిపించదు. ముందే తడిగుడ్డెట్టి తుడిసీసేను."

"తుడిసీసేవా?"

"ఏటలా సూస్తావు? ఆఖరుపాలి సూసి నీకు ఖాయం సెయ్యడానికొస్తన్నాడు, అంతే కదా. నీ ఇల్లు పోతే పోనీ. ఇద్దరం ఇక్కడే ఉందుం."

"నాది పోదక్కా. పోయిన వారమే పట్టా ఇచ్చీసేరు. నువ్వు బాధపడతావని సెప్పనేదు."

"ఇచ్చీసేరా? మరి ఆయనెందుకొస్తన్నాడు?"

"కాళ్లావేళ్లా పడి నానే రమ్మన్నాను. నీ పక్క మరక నేదు కదా, అదే గోడ నా పక్కన సూపించి, నీకూ ఇల్లు రాయిద్దామని."