కేబిన్ గడియ

హార్బర్ దీపాలకు దూరంగా, రాత్రి నీళ్లలోంచి పైకొచ్చిన డైవర్‌ని అతని బావ చెయ్యి పట్టి పడవలోకి లాగాడు. మూడేళ్ల కిందటి తుపానులో మునిగిన బావ బోటు సరిగ్గా వాళ్ల కిందే ఉంది.

"బోటు కనబడిందేటి?"

"కనబడింది బావ. ఒళ్లంతా పగడాలు పట్టేసినాయి. లైటేస్తే పూలతోటలాగుంది."

"కేబిన్ తలుపో?"

డైవర్ ఖాళీ మాస్కునే నీళ్లున్నట్టు వంపాడు.

"తెరిసే ఉంది."

"ఆ రేత్రి లోపల జొరంతో పడుకున్న నా తమ్ముడికి జల్లు కొట్టకూడదని, నానే బయట గడియెట్టాను."

"కెరటానికి గడియ ఊడిపోయుంటాది. ఆడు బయటికొచ్చే ఉంటాడు బావ."

బావ టార్చి వేశాడు.

"నీ ఏళ్లకి నెత్తురేటి?"

"పగడం గీసుకుంది."

బావ తన తువ్వాలుతో ఆ వేళ్లు చుట్టాడు.

"ఎంత లాగినా గడియ రాలేదేటిరా?"