మూడోనాడు ఏమైంది

రాయగడ, 1998. మున్సిపాలిటీ వాటర్ ట్యాంకు పక్క క్వార్టరు. పంపు ఆపరేటరు సన్యాసయ్య ఇంటికి సండేస్కూలు టీచరు కృష్ణవేణమ్మ వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటింది.

"అది కాదు సన్యాసయ్యా, సముద్రానికి వాల్వు ఎవరు బిగించేరు? ముందు నాకది చెప్పు."

"వాల్వేటి టీచరమ్మా? కూకోండి. టీ పెడతాను."

"టీ వద్దు. నిన్న సండేస్కూల్లో మీ రష్మిని అడిగేను, సముద్రం రెండుగా ఎలా చీలిందమ్మా అని. దేవుడు అటొకటి ఇటొకటి వాల్వు బిగించేడంది. మనవాళ్లు దాటేక రెండూ ఒకేసారి తిప్పేసేడట."

"సిన్నగుంట. ఏదో అంటాది. పంచదార ఏస్తానా?"

"టీ వద్దన్నాను కదా. ఓడ కట్టినాయన్ని చూసి ఊరంతా ఎందుకు నవ్వేరంటే, జే.ఈ. బాబు సంతకం లేకుండా, టెండరు పిలవకుండా కట్టేడు కాబట్టి అంది."

"నవ్వరేటమ్మా మరి?"

"ఐదు రొట్టెలు, రెండు చేపలు ఎంతమందికి సరిపోయేయంటే బంధుగాం సంతకి వచ్చినంత మందికి అంది."

"ఐదువేలంటే దానికేటి తెలుస్తాది? బంధుగాం సంతైతే సూసింది."

"అంటే నువ్వే చెప్పేవన్నమాట."

"నేనా? నేనెందుకు సెప్తాను? నేను మజ్జిగౌరమ్మ భక్తుణ్ణి. వాళ్లమ్మ సెప్పుంటాది."

"కుంతా?"

"కుంతే."

"కుంతి కోరాపుట్లో నా కళ్లముందు పెరిగింది. ఒడియా మీడియం. తెలుగులో తన పేరు కూడా రాయలేదు. ఆ అలమర్లో ఉన్నది తెలుగు పరిశుద్ధ గ్రంథం. అందులో పేజీ గుర్తుకి ఏం పెట్టేరు?"

"ఏదో కాగితం."

"ఏం కాగితం?"

"వాటర్ సప్లై టైములు."

"కుంతి ఆస్పత్రిలో ఆయా. వాటర్ సప్లై టైములతో ఆమెకేం పని?"

"మూడేళ్లుగా గుంటకి నేనే సదువుతున్నానమ్మా. తప్పైతే తప్పని సెప్పీండి. పెళ్లినాడు మా మావగారికి మాటిచ్చేను, పిల్లలు పుడితే మీ మతంలోనే పెంచుతానని. కుంతికి డ్యూటీలు. గుంటకి తెలుగు సదవడం రాదు, అదీ ఒడియా బడే. ఇంట్లో తెలుగు సదవగలిగింది నేనొక్కణ్ణే. మాటిచ్చిందీ నేనే."

"మంగళవారం మంగళవారం అమ్మవారి గుడికి వెళ్లడం మానలేదు కదా?"

"ఎందుకు మానుతాను? ఎల్తాను. ఎల్లొచ్చి, కాళ్లు కడుక్కుని, ఇది సదువుతాను. దాని దారి దానిది, నా దారి నాది."

"కుంతికి ప్రభువు బల్ల ఆపేసి ఎన్నేళ్లయింది?"

"పదేళ్లు. నన్ను సేసుకున్న నెల నుంచీ. నెలకోసారి అందరూ ముందుకెల్లి రొట్టె తీసుకుంటారు కదా, ఇది ఎనక బెంచీలో కూకునుంటాది. ఇంటికొచ్చి ఏటీ అనదు. ఆ రోజు కూరలో ఉప్పుండదు, అంతే. నేనూ అడగను, తినీసి లెగిసిపోతాను."

"నువ్వు బాప్తిస్మం తీసుకుంటే ఈ గొడవే ఉండేది కాదు."

"తీసుకుంటానన్నానమ్మా. దెబ్బలాడింది. నా బల్ల కోసం నువ్వు మునక్కు, నీకనిపిస్తే మునుగు అంది. నాకేమో అనిపించలేదు. అనిపించిందని దేవుడి దగ్గర దొంగమాట ఎలా సెప్తాను?"

"సరే విను. వచ్చే ఆదివారం చర్చి కమిటీ వాళ్లు రష్మిని పది ప్రశ్నలు అడుగుతారు. జవాబులు సరిగ్గా చెప్తే పిల్ల విశ్వాసంలోనే పెరుగుతోందని రాసుకుని, ఆ రోజే కుంతికి బల్ల ఇస్తారు. సెక్రటరీ త్రినాథరావు ససేమిరా అన్నాడు. నేను పూచీ ఉన్నాను కాబట్టి ఒప్పుకున్నాడు. ఇది తప్పితే మళ్లీ కమిటీలో ఈ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు."

"గుంటకి అన్నీ వచ్చమ్మా. ఒక్కటే ఇబ్బంది. ఎవరు నేర్పేరంటే అమ్మ అని సెప్పమన్నాను. అబద్ధ సాక్ష్యం తప్పని నువ్వే సదివేవు కదా నాన్నా అంది. అప్పట్నుంచీ నాతో సరిగా మాటాడ్డం లేదు."

"దానికి నిజమే చెప్పనీ. వాల్వులూ టెండర్లూ కూడా నేను సర్దుకుంటాను. తొమ్మిది ప్రశ్నలకి నాకు భయం లేదు. పదోదే నా వల్ల కావట్లేదు."

"ఏటది?"

"శిలువ వేసిన మూడోనాడు ఏమైంది?"

"ఏటి సెప్పింది?"

"చిన్నకార్యం చేసేరంది."

"సరిగ్గానే సెప్పింది కదమ్మా."

"ఏమన్నావు?"

"సుక్కురోరం పోయేడు. ఆదివారానికి మూడోరోజు. పోయినోళ్లకి మూడోరోజు సిన్నకార్యం సేస్తారు. మాలోనూ అంతే. మీ పండగనాడు తెల్లారగట్లే అందరూ సమాధుల దగ్గరకెల్తారు కదా. సున్నాలేస్తారు, పూలు పెడతారు, కొవ్వొత్తులు ఎలిగిస్తారు. పంపు దగ్గర్నుంచి ఏటేటా సూస్తాను. ఆ రోజు సప్లై ఒక అరగంట లేటుగా ఇస్తాను కూడాను."

"ఎందుకు?"

"కార్యం నుంచొచ్చి తానాలు సేస్తారు కదమ్మా మీవోళ్లు. నీళ్లందాలి కదా."

"ఓరి నాయనా. ఏటేటా ఆ రోజు నీళ్లు టైముకి రావట్లేదని నేనే మున్సిపాలిటీకి అర్జీ పెట్టేను."

"అది మీదా? నాకు మెమో ఇచ్చేరు."

"సన్యాసయ్యా, ఆయన లేచేడు."

"అంటారు."

"అంటారేమిటి?"

"కుంతీ అంటాది. నేను కాదనను. మా యూనియన్ లీడరు లక్ష్మణుడు పోయినప్పుడు మేమూ అరిసేం, అమర్ రహే, అమర్ రహే అని. ఊరంతా తిరిగి అరిసేం. లక్ష్మణుడొచ్చేడేటి? మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్లు. పార్వతీపురం ఎల్లింది, వచ్చీస్తాదన్నారు. పిల్లలకి అలగే సెప్తారమ్మా. అందుకే గుంటతో అన్నాను, టీచరమ్మ పిల్లలు బెంగెట్టుకుంటారని అలగ సెప్తాది, నువ్వు ఆవిడ మనసు కష్టపెట్టకు అని."

"అందుకా అది నిన్న నా చెయ్యి నిమిరింది? పర్లేదు టీచరమ్మా, నాకు తెలుసు, మీరు బాధపడకండి అంది. పక్కనున్న బాపిగాణ్ణి కూడా ఓదార్చింది."

"మంచి గుంటమ్మా."

"మంచిదే. మూడేళ్లుగా చదువుతున్నావే, ఇది పుస్తకంలో కనపళ్లేదా నీకు?"

"అక్కడిదాకా ఎల్లలేదు."

"మూడేళ్లలోనా?"

"మేకుల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతానమ్మా. జొరాలు తగ్గించినోడు. ఒకర్ని ఒక మాటన్నోడు కాదు. అలాటోణ్ణి పట్టుకుని… నేనింక సదవలేను. గుంట ఏడుస్తాది, నేనూ ఏడుస్తాను. మూసీస్తాను. నాలుగు రోజులు పుస్తకం ముట్టుకోను. ఆ తరవాత మళ్లీ పుట్టిన కాడ్నుంచి ఎత్తుకుంటాను. మూడేళ్లలో తొమ్మిదిసార్లు పుట్టేడు మా ఇంట్లో."

"ఆ మేకుల తరవాత ఆ సువార్త అయ్యేదాకా ఇంకెన్ని పేజీలున్నాయో ఎప్పుడైనా చూసేవా?"

"ఎక్కువ లేవు. ఏడుపులూ, పాతిపెట్టడాలూ ఉంటాయనుకున్నాను. సూడబుద్ధి కాలేదు."

"తీయి పుస్తకం."

"ఇప్పుడా? నాలుగింటికి సప్లై ఇయ్యాలి."

"తీయమన్నానా."

"మేకుల దగ్గర నా వల్ల కాదమ్మా, ముందే సెప్తున్నాను."

"అక్కడ చదవకు. ఇలా ఇయ్యి, నేను తిప్పుతాను. ఇదిగో, ఇక్కణ్ణుంచి."

"మీరే సదవండి, ఇంటాను."

"నేను చదివితే మళ్లీ పిల్లల్ని ఓదార్చినట్టుందంటావు. నీ కళ్లతో నువ్వు చదువు."

"కళ్లజోడు…"

"నెత్తిమీదే ఉంది."

"ఆదివారం… తెల్లారగట్ల… ఆడోళ్లు సమాధి సూడ్డానికి ఎల్లేరు. సూసేరా? సిన్నకార్యానికే."

"చదువు."

"రాయి దొర్లించీసి ఉంది. ఎవరు దొర్లించేరు?"

"అక్కడే ఉంది, చదువు."

"ఉండండమ్మా, తొందరపెట్టకండి. …ఇక్కడ… ఇక్కడ లేడు, అని…"

"ఊఁ, చదువు."

"ఇది… ముందునుంచీ ఉందా ఇందులో?"

"ముందునుంచీ ఉంది."

"ఆ ఆడోళ్లకి ఎదురొచ్చేడంట. ఎదురొచ్చి పలకరించేడంట. వాళ్లు కాళ్లు పట్టుకున్నారంట. కాళ్లు పట్టుకున్నారంటే మనిషే కదమ్మా. ఉత్తుత్తి మాట కాదు కదా."

"మనిషే."

"కమిటీవోళ్లకి తెలుసా ఇది?"

"తెలీకేం."

"త్రినాథరావుగారికి?"

"ఆయనకి కంఠతా వచ్చు."

"తెలిసీ మొకాలు అలగెట్టుకుని ఎలా కూకుంటారమ్మా? అయ్యో, కోపమొచ్చిందేటి? ఏదో అనీసేను."

"కోపం కాదు. ముప్ఫై ఏళ్లుగా సండేస్కూల్లో ఈ పాఠం చెప్తున్నాను సన్యాసయ్యా. ఒక్కరూ నన్నీ మాట అడగలేదు. నేనూ ఎక్కం అప్పజెప్పినట్టే చెప్పుకొచ్చేను. సిగ్గుగా ఉంది నాకు."

"కళ్లు తుడుసుకోండమ్మా. నాకూ కనపట్టం లేదు."

"నాలుగవుతోంది. నీ సప్లై…"

"ఉండనీండి సప్లై. గుంటెక్కడుంది?"

"ట్యాంకు కింద తొక్కుడుబిళ్ల ఆడుతోంది. సాయంత్రం నెమ్మదిగా చెప్పుకోవచ్చులే. ఆదివారానికి ఇంకా చాలా టైముంది."

"ఆదివారం మాట తరవాత. మూడేళ్లు ఏడిపించేనమ్మా దాన్ని. …రస్మీ, ఒలమ్మీ, ఆ బిళ్ల పడీసి బేగి రా. టీచరమ్మ సెప్పిందే నిజం, నాన్నే తప్పు సెప్పేడు. ఆయన లేచేడు."