భాగీరథి మార్చి చదివిన వరుస

దాచకు బిడ్డా, దాచకు. సదువుకో. నేనేం అంటలేను. గా ఫోన్ బోర్ల బెట్టి చున్నీ కప్పితె నాకు తెల్వదా ఏంది. ఈ ఖోలీల దాచుకునే జాగ ఏడున్నది, మనం తుమ్మితె పక్కింటోళ్లు చిరంజీవ అంటరు. జర ఇటు జరుగు. కత్తెర తీస్కో. ఆ నీలం చీరె ఆ కొస నువ్వు పట్టు, ఈ కొస నేను పడ్త. చేతులు ఆడుతుంటెనే నాకు నోరు ఆడుతది. మీ బాపు మిఠాయికి పోయిండు. మా అన్న, మీ పరమేశ్ మామ, పల్సానాల బయలెల్లే ఉంటడు. మీ మామ వచ్చేలోపల నీకొక ముచ్చట చెప్పాలె. తిడ్తనని కాదు, లేదు, తిట్ట. పొద్దుగాల నువ్వు నీళ్లకు పోయినప్పుడు నేను గూడ సదివిన. ఆ, నీ ఫోన్ల ఉన్నదే. హిందీ నాకు సదవరాదనుకున్నవా? మెల్లగ వస్తది. గా బంగ్లాల ఉండే పిల్ల, ఆమె మామ కొడుకు, వాన, కరెంటు పోవుడు. ఇగ కరెంటు పోయినంక ఆ రాసినోళ్లకు అడ్డూ అదుపూ లేదు తల్లీ. నాకు చెవులు గరమైనయ్. నాలుగు పేజీలు దాటేసిన. దాటేసి, ఏమైందో తెల్వక మళ్ల ఎనుకకు పోయిన. నవ్వకు.

నవ్వకు అంటున్న గని ఇది నవ్వులాట కాదు సుమనా. మొన్న మీ అత్తమ్మ, మా వదిన, వచ్చింది చూడు, నీ పక్కపొంటి కూసోని నీ భుజం మీదికెల్లి తొంగి చూసిందట. చూసి, పల్సానా పోయి మా అన్నకు చెప్పింది. ఎట్ల చెప్పిందో నాకు ఈడికి ఇనపడ్డట్టే ఉన్నది. "ఇగో, ఇన్నవా? పోరి ఏం సదువుతున్నదో ఎరికేనా? మామ కొడుకు కోసం పానం ఇడిసే పిల్ల కథ. మన పిలగాడు శివకృష్ణ మీద మనసు లేకుంటె గసుంటిది ఎందుకు సదువుతది?" ఇగ మా అన్న ఊకుంటడా. ఫోన్ జేసిండు. "వినోదా, ఆయితారం వస్తున్నం, మాట ఖాయం జేస్కుందం" అన్నడు. ఇయ్యాల మీ బాపు గూడ, "పిల్ల మనసులనే ఉన్నది, ఇగ అడిగేదేమున్నది" అని సంచి పట్టుకోని మిఠాయికి ఎల్లిండు. అందరికీ నీ మనసు తెల్సింది. నిన్ను మాత్రం ఒక్కలు అడగలే. నేను అడుగుదమంటె ముందట ఏందో అడ్డం పడ్తది. ఆ అడ్డం పేరు భాగీరథి.

నీకు తెల్వదు. ఈ ఇంట్ల ఆ పేరు ఎత్తరు. మీ బాపుకు తోడబుట్టిన చెల్లె, నీకు సొంత మేనత్త. ఉన్నదా అంటె... ఇను ముందు. నేను కొత్త కోడలుగ గీ గుజరాత్‌కు వచ్చిన్నాడు అందరం గీ ఖోలీలనే ఉంటిమి. మీ తాత, మీ బాపమ్మ కనకవ్వ, మీ బాపు, నేను, భాగీరథి, ఉమాకాంత్. ఉమాకాంత్, నువ్వు గూడ చూసినోడే, మీ బాపమ్మకు అన్న కొడుకు. తల్లి సచ్చిపోతె సిరిసిల్ల దిక్కుకెల్లి మీ బాపమ్మనే ఎత్తుకొచ్చి సాదింది, అప్పటికి వానికి లాగు ఏసుకునుడు గూడ రాదట. అంటె భాగీరథికి వరుసకు బావ. గని వరుస ఎవలకు యాదికున్నది? ఒక్క కంచంల తిన్నరు, ఒక్క బొంతల పండిండ్రు. ఎదురింట్ల జసుబెన్ అని ఒక గుజరాతామె ఉండె. రాఖీ పున్నమ వస్తె ఆమె బిడ్డలు మొగపిల్లలందరికి కట్టేటోళ్లు. మామ కొడుకైన, పెదనాయిన కొడుకైన వాళ్లకు అందరు భాయే. భాగీరథి గది చూసింది. చూసి ఉమాకాంత్‌కు కట్టింది. మీ బాపమ్మ పడి పడి నవ్విందట, "ఓసి పిచ్చిపోరీ, కాబోయే మొగనికి రాఖీ కడ్తున్నవానే!" అని. నవ్వింది గని ఇప్పలే. ఏటేట కట్టింది, ఏటేట నవ్విండ్రు. మనూర్ల అయితె ఏ పెద్దమనిషో చేతి మీద ఒక్కటి ఏసి ఆపుతుండె. ఈడ ఎవలు ఏస్తరు, మన మొగోళ్లందరు పొద్దున బట్ట నేసే సాంచల కాడికి పోతె మళ్ల చీకటికి వచ్చుడాయె. ... నువ్వు శివకృష్ణకు కట్టలేదా మరి? ... ఆ. గందుకే చెప్తున్న. పట్టు, చీరె జారుతున్నది.

ఇగ సదువుడు ముచ్చట. భాగీరథికి నవలలంటె పానం. హిందీ స్కూల్ల సదివింది గదా. నాకు గీ నాలుగు అక్షరాలు నేర్పింది గూడ ఆమెనే. ఉధ్నా స్టేషన్ బయట ఒకడు పుస్తకాలు కిరాయికిచ్చేటోడు. అట్టల మీద తడిసిన చీరె కట్టిన పిల్ల, ఎనుకకెల్లి పట్టుకున్న మొగోడు. మీ తాత చూస్తడని పాత క్యాలెండర్ కాయితం చుట్టేది, మన పద్మశాలి సంఘపోళ్లు ఇచ్చిన క్యాలెండర్. లోపల ముద్దులు, పైన మార్కండేయుడు. మీ తాత పోతపోత దండం గూడ పెట్టేటోడు. మధ్యాహ్నం ఈ చాల్‌ల ఉన్న ఖోలీలన్నిటి ఆడోళ్లమంత ఈడ కూసోని ధాగా కటింగ్ చేస్తుంటిమి, ఇట్లనే, చీరె ఎనుక పోగులు కత్తిరించుడు. భాగీరథి సదవాలె, ఆమె వంతు చీరెలు మేం కత్తిరించాలె, గది ఒప్పందం. హిందీల చూసుకుంట తెలుగుల చెప్పేది. మొగోడు మాట్లాడితె గొంతు బొంగురు జేసేది. ముద్దుల కాడ మాత్రం దమ్ము తీస్కోని, "ఈడ రెండు చుక్కలు పెట్టిండ్రు" అనేది. చుక్కలేం లేకుండె, నేను పక్కకెల్లి చూసిన గదా.

ఒకనాడు గట్లనే ఒక కథ షురూ చేసింది. పిల్లకు పిల్లగానికి ప్రేమ. ఇంట్ల తెలిస్తె సంపుతరు. దొంగతనంగ మిద్దె మీద కలుస్తరు, కలిసి ఏడుస్తరు. కొమురవ్వ అని ఒక ముసలామె ఉండె, కత్తెర ఆపింది. "ఆగే పిల్లా. గా పిల్లగాడు ఆమెకు ఏమైతడు?" "మామ కొడుకు అవ్వా." "సొంత మామనా?" "సొంతమే." "మరి ఏడుసుడెందుకే? బావనే గదా! మిద్దెలెక్కుడేంది, పోయి లగ్గం జేస్కోరాదు?" ఇగ నవ్వు చూడు. చీరెల కుప్ప మీద పడి నవ్వినం. "ఇంటిపేరు ఏందో అడుగు, నేనే పోయి మాట మాట్లాడొస్త" అంటది ఇంకొకామె. భాగీరథి మొఖం చిన్నబోయింది. ఆమె కథ మట్టిగొట్టుకపాయె. హిందీవాళ్లకు, గుజరాతోళ్లకు అది పెద్ద పాపం, మనకేమో అది లగ్గం పత్రిక. తెల్లారి ఏం జేసింది? పేర్లు అవే, మిద్దె అదే, పిల్లగాన్ని మాత్రం బాబాయి కొడుకును జేసింది. ఇగ కొమురవ్వ నోటి మీద చెయ్యేసుకున్నది. "రామ రామ! అన్న గాదె వాడు!" అన్నది. అన్నది గని లేసిపోలే, ఇంక దగ్గరికి జరిగింది. అప్పటిసంది భాగీరథి ఏ పుస్తకం తెచ్చినా ముందుగాల వరుస మార్చేది, గప్పుడు సదివేది. నేను ఒకసారి అడిగిన, "గిసుంటివి సదివితె నీకేం అనిపించదా" అని. "వదినా, పులి కథ సదివితె పులిని తెచ్చి ఇంట్ల కట్టేస్కుంటమా? భయమైతది, మంచిగ భయమైతది. పుస్తకం మూస్తె పోతది" అన్నది. నీ లెక్కనే భుజాలు ఎగరేసి.

గట్లుండంగ మీ బాపమ్మ లగ్గం మాట తీసింది. ఉమాకాంత్‌కు ఇస్త, బిడ్డ నా కండ్ల ముందటనే ఉంటది అన్నది. భాగీరథి కత్తెర కింద పెట్టింది. "అమ్మా, వాడు నాకు భయ్యా." "ఏం భయ్యానే? దారం తెంపితె తెగుతది, వరుస తెగుతదా?" మీ తాత ఒక్కడు జర ఆగిండు. పద్మశాలోడు, గా పున్నమనాడే జంధ్యం మార్చుకునే మనిషి. "నూలు నూలే గదనే, ఒక్కసారి కట్టినంక..." అని సగం అన్నడు. మీ బాపమ్మ చూసిన చూపుకు మిగిలిన సగం మింగిండు. అంతల భాగీరథి మాకు సదువుతున్న పుస్తకం మీ బాపమ్మకు దొరికింది. ఆమెకు సదువు రాదు. మీ బాపును కూసోబెట్టి సదివించింది. "ఏమున్నదిరా ఇండ్ల?" "ఏం లేదే. మామ కొడుకును ప్రేమించిన పిల్ల ఏడుస్తున్నది." "మామ కొడుకా? మాకు బాబాయి కొడుకు అని సదివె గదరా!" తొడ చరుచుకున్నది. "చూసినవా దొంగపోరి! మనసుల బావ ఉన్నడు. మాకు తెలుస్తదని వరుస మార్చి సదివింది. పైకి భయ్యా, లోపల గిది!" నేనన్న, "అత్తా, అట్ల కాదు, కొమురవ్వ నవ్విందని మార్చింది" అని. "నిన్న వచ్చినదానివి, నా బిడ్డ మనసు నాకు తెల్వదా" అన్నది. ఇగ భాగీరథి ఎంత మొత్తుకుంటె అంత సిగ్గు అన్నరు. ఏడిస్తె సంబురం అన్నరు. ఉమాకాంత్‌ను అడిగితె తలకాయ వంచుకోని, "అన్నం పెట్టిన అత్త, నాకు నోరేడిది" అన్నడు. జసుబెన్ లగ్గానికి రాలే. గడపల నిలబడి, "భాయ్-బెన్‌నా లగ్న?" అని, అన్నకు చెల్లెకు లగ్గమా అని, రెండు చెవులు పట్టుకున్నది. ఆమెను చూసి మనోళ్లు నవ్విండ్రు. వాళ్లకు వరుసలు తెల్వయి అన్నరు.

ఈ ఖోలీకి నడిమిట్ల చీరె కట్టి పరద జేసిండ్రు. ఉమాకాంత్ రాత్రిపాళీ ఎత్తుకున్నడు, మళ్ల దిగలే. ఆయన వచ్చే యాళ్లకు ఆమె చీరెల మూట నెత్తినబెట్టుకోని మార్కెట్‌కు పోయేది. పరద అవుతల ఎప్పుడన్న ఒక్కలే ఉండిరి. చాల్‌ల ఆడోళ్లు ఊకుంటరా? "ఏం భాగీరథీ, మిద్దె మీది ముచ్చట్లన్ని మాకు చెప్తివి, నువ్వేంది ఇంక చింతకాయ అడుగుతలెవ్వు?" అని ఎక్కిరింపు. పుస్తకం సదువే అంటె, "కండ్లు మండుతున్నయ్ వదినా" అనేది. సదువుడు బందు జేసింది. నాకు గదే మస్తు భయమైంది. ఏడ్సినప్పుడు గూడ గంత భయం కాలే. భయపడుడు గూడ మానేసిన మనిషి లెక్క అయింది. ఒకనాడు మూట తీస్కోని పోయింది. మూట చేరింది, ఆమె రాలే. మీ బాపు స్టేషన్లు, కతర్‌గామ్ గల్లీలు అన్ని తిరిగిండు. ఉమాకాంత్ తిరగలే. కంచం ముందట కూసోని, "ఎతకకుండ్రి అత్తా. నా చెల్లె ఏడున్నా మంచిగనే ఉంటది" అన్నడు. చెల్లె అన్నడు. అందరి ముందట. మీ బాపమ్మ చేతిల గరిటె అట్లనే ఆగింది.

మళ్ల రాఖీ పున్నమ వచ్చింది. ఉమాకాంత్ తెల్లారంగనే తానం జేసి ఎటో పోయిండు. పొద్దుమూకి వచ్చిండు. చేతికి రాఖీ. ఎవలం అడగలే. మీ బాపమ్మ అన్నం పెట్టుకుంట గా చెయ్యి చూసింది. చూసి, ఇంత నెయ్యి ఎక్కువ ఏసింది. గంతే. ఏటేట గంతే. గా దారం చూసి, ఉన్నది, బతికే ఉన్నది అనుకునేది ముసల్ది. ఎన్నడు నోరిప్పి అడగలే, అడిగితె ఆ ఒక్కటి గూడ బందైతదేమో అని. కరోనాల ఉమాకాంత్ పోయిండు. ఏడున్నదో ఎవలకు చెప్పకుంటనే పోయిండు. మీ బాపమ్మ గూడ ఆ ఎనుకనే. ఇగ ఇప్పుడు ఎవల చెయ్యి చూడాలె? మీ బాపు రాఖీ పున్నమనాడు పొద్దంత గడపలనే కూసుంటడు, ఎందుకో నువ్వెప్పుడన్న అడిగినవా? నేనైతె మార్కెట్‌ల ఎవలన్న ఆ తీరు నడక నడిస్తె ఉరికి పోయి మొఖం చూస్త. కాదు. ఎన్నడు కాదు.

చీరె ఇడిసిపెట్టు. ఇటు చూడు. కథ సంగతి అడుగుతలే, కథ నీ ఇష్టం, ఏమన్న సదువుకో. శివకృష్ణ నీకు ఎవలు? ... మీ అత్తమ్మకు ఏం తెల్సో కాదు, నీకు ఏం తెల్సో చెప్పు. ... మా అన్న మొఖం చూసి చెప్పకు. నాకున్నది ఒక్కటే తల్లిగారిల్లు, నిజమే. ఆ గడప నాకు బందైతదేమో, గదీ నిజమే. గది నా బరువు, నువ్వు మొయ్యకు. బావనా, అన్ననా? ... జర జోరుగ. నాకు ఇనపడాలె. ... ఊ.

... ఊ. సరే. సరే బిడ్డా.

గా గూట్ల నా ఫోన్ ఉన్నది, అందియ్యి. ... హలో. అన్నా, నేను. బస్సెక్కినవా? ... వదిన గూడనా? ... శివ గూడ. ... లేదన్నా, అందరం మంచిగనే ఉన్నం. ... అన్నా, దిగు. ఏడికొస్తె ఆడ దిగుండ్రి, ఇంటికి రాకుండ్రి. దిగినంక చెప్త.