ఈగలు చెప్పిన రోజు

ఉప్పల్‌ల పోలీసోళ్ల ల్యాబ్ మెట్ల మీద, నాచారం నుంచి వచ్చిన ఒకామె, ఆ ల్యాబ్‌ల పనిజేసే మేడం పక్కపక్కన కూసున్నరు.

"మా తమ్మునికి దినాలు ఎన్నడు జెయ్యాలె మేడం? తలుపు పలగ్గొట్టి చూసింది సోమారం. పానం పోయింది ఎన్నడో ఎవ్వలకు తెల్వదు."

"పురుగులను చూసి తెలుసుకున్నమమ్మా."

"ఆ పురుగుల ముచ్చట నాకు జెప్పకు తల్లీ!"

"జర వినండి. మనిషి పోయిన కాసేపటికే ఈగలు కిటికీల నుంచి వచ్చి గుడ్లు పెడతయి. పురుగు ఎంత పెరిగిందో కొలిస్తే రోజు తెలుస్తది. మీ తమ్ముడు గుండె ఆగి పోయింది గురువారం, మధ్యాహ్నం లోపలే."

"గురువారమా? పక్కానా?"

"పక్కా. ఎందుకమ్మా?"

"గా గురువారం పొద్దూకినంకనే బోటికూర వండుకపోయి తలుపు కొట్టిన. తియ్యలే. బోనాలప్పటి కొట్లాట ఇంకా మనసుల పెట్టుకున్నడని, నీ మొకం సూడను పోరా అని తిట్టి, గిన్నె పట్టుకొని మర్లొచ్చిన."

"అప్పటికే ఆయన లేడమ్మా."

"అయితే నా మీద అలిగి కాదా, తలుపు తియ్యంది?"

"కాదమ్మా."

"గంతే సాలు బిడ్డా. గురువారం నుంచే దినాలు లెక్కవెడత. దినాలనాడు వానికి బోటికూర మళ్ల వండుత. ఈసారి గిన్నె వాపస్ తీస్కరాను."