అప్పలనరసమ్మ పదకొండో దినం

మలేసియాలో, ఈపో బస్టాండు వెనక, ఇల్లూ వాకిలీ లేనివాళ్ల వరుసలో చివరి ముసలాయన చేతికి, పంచడానికొచ్చిన అమ్మాయి అన్నం పొట్లం అందించింది.

"దీని మీద ఫోటో ఎవులిది తల్లీ?"

"సుంగై సుమున్ ఊరి అప్పలనరసమ్మది, పెద్దయ్యా. నేడు పదకొండో దినం. పిల్లలు ఆవిడ పేరున అన్నం పెడతన్నారు."

"తలకొరివి ఎవులు పెట్టినారు?"

"సిన్నకొడుకు. పెద్దోడి కోసం రెండు దినాలు సూసినారు గదా, ఆ మనిషి జాడే తెలీలేదు."

ఆయన వేలితో ఫోటో తుడిచాడు. "కూరేటి?"

"గుమ్మడికాయ. పెద్దోడికి ఇష్టమని, అదే వండమని సెప్పి పోయినాదట. తిను పెద్దయ్యా, సల్లారిపోతాది."

ఇంకో పొట్లం అడుగుతాడేమో అనుకుందామె. ఆయన మాత్రం చేతిలోది విప్పకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ముందు గుండు గీయించుకోవాల తల్లీ. ఇక్కడ దగ్గిర్లో సెలూనుందా?"