అరచేతిలో జీపు

ఏళ్ల తరబడి నిజం బండ్లను అచ్చుగుద్దినట్టు చిన్న నమూనాలు చేస్తున్న అన్న, నిన్నమొన్న తన దగ్గరే పని నేర్చుకున్న తమ్ముడి మొదటి జీపును అరచేతిలో తిప్పుతూ వంక వెతుకుతున్నాడు.

"టైర్లకు ఈ మట్టి యాడిదప్పా?"

"మన ఓర్వకల్లుదే అన్నా. జల్లెడపట్టి, జిగురునీళ్లల్లో కలిపి పూసినా."

"అద్దం మీద సగమే దుమ్ముండాదే?"

"వైపర్ తిరిగినంత మేర తుడిచేసినా."

ఇన్నేళ్లలో తనకెందుకు తట్టలేదు? అన్న కడుపు రగిలిపోయింది. ఎట్టకేలకు వంక దొరికింది.

"అన్నీ చేస్తివి గానీ, ముందర నిమ్మకాయ, మిరపకాయలేవి? దిష్టికి అవి కట్టకుండా మన పక్క జీపు రోడ్డెక్కుతాదా?"

"అవీ చేసి పెట్టినా అన్నా. ఈపొద్దు చూసేది నువ్వొక్కడివే గదా, నీ దిష్టి నాకేం తగుల్తాదిలే అని కట్టలేదు."